ఏ బాధా లేని రోగి

సోమవారం, వియంటియాన్

ఈ ప్రయాణానికి మొదటి సన్నాహం పోపులడబ్బా మూసి పైఅరలో పెట్టడం. శుక్రవారం ఉదయం బ్యాంకాక్‌లో నాకు కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టం పంపి పెద్దపేగును లోపలినుంచి చూసే పరీక్ష. ఆసుపత్రి పంపిన కాగితంలో గింజలు, తొక్కలు, పీచు, పప్పులు ఇప్పటినుంచే వద్దని రాసి ఉంది. ఆవాలు, జీలకర్ర, నువ్వులు, టమాటా, జామపండు, తోటకూర అన్నిటికీ సెలవు. మన వంటలోంచి ఇవి తీసేస్తే మిగిలేది తెల్లన్నం, పెరుగు, చెక్కు తీసి ఉడకబెట్టిన బంగాళాదుంప. అరగని గింజలు పేగులో మిగిలిపోతే కెమెరా గొట్టానికి ఉండే పీల్చుడు రంధ్రంలో ఇరుక్కుంటాయట. బలానికని వేసుకునే విటమిన్ మాత్రలో ఐరన్ ఉందని దాన్నీ వారం ముందే ఆపించారు. ఇనుము మలాన్ని నల్లగా మార్చి పేగు గోడను కనపడనివ్వదు.

మేముండేది లావోస్ రాజధానిలో. ఆయనది జలవిద్యుత్ ప్రాజెక్టులో ఉద్యోగం, నాది బడిలో. ఇక్కడ కాస్త పెద్ద వైద్యం కావాలంటే మెకాంగ్ దాటి థాయ్‌లాండ్ వెళ్లడం మాలాంటి పరాయివాళ్లకే కాదు, స్థోమత ఉన్న లావో కుటుంబాలకూ అలవాటే. ఆ మాట హైదరాబాద్‌లో ఉన్న అక్కకు చెబితే పెద్ద విచారణే జరిగింది.

"ఏమిటే బాధ? కడుపునొప్పా?"

"లేదక్కా."

"రక్తం పడుతోందా?"

"ఏమీ లేదు."

"ఏమీ లేకపోతే ఆ పరీక్ష ఎందుకే తల్లీ?"

ఇదే సంభాషణ అమ్మతో, తోడికోడలితో, స్టాఫ్‌రూమ్‌లో పక్క కుర్చీ టీచరుతో కూడా నడిచింది. జబ్బు వచ్చాక ఎక్కడికి పరుగెత్తినా మనవాళ్లు అడ్డుచెప్పరు, అప్పు చేసైనా పంపుతారు. ఏమీ లేనప్పుడు వెళ్తానంటే మాత్రం అనుమానంగా చూస్తారు. పెద్దపేగు క్యాన్సర్ చాలావరకు చిన్న పిలకగా, అంటే పాలిప్‌గా మొదలై, ఏ నొప్పీ లేకుండా ఇంచుమించు పదేళ్లు తీసుకుని ముదురుతుంది. పిలకగా ఉన్నప్పుడే కత్తిరించేస్తే అక్కడితో దాని కథ ముగుస్తుంది. బాధ లేనివాళ్ల కోసమే ఈ పరీక్ష పుట్టింది. అమెరికాలో దీన్ని మొదలుపెట్టే వయసును 2021లో 50 నుంచి 45కు తగ్గించారు, చిన్నవయసువాళ్లలో ఈ క్యాన్సర్ పెరుగుతోందని. నాకు 47.

అక్క రెండో అస్త్రం తీసింది. పద్మవిభూషణ్ అందుకున్న నాగేశ్వర్ రెడ్డి గారి ఆసుపత్రి మన హైదరాబాద్‌లోనే ఉందే, ఎండోస్కోపీ నేర్చుకోవడానికి దేశదేశాల డాక్టర్లు అక్కడికి వస్తారే, నువ్వేమో అటు పోతావా అని. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోలేదు. వియంటియాన్ నుంచి హైదరాబాద్ చేరాలన్నా మేము బ్యాంకాక్‌లో విమానం మారాలి. వెళ్తే చుట్టాలందరినీ చూడకుండా తిరిగి రాలేను, చుట్టాలింట పోపు లేని అన్నం తింటానంటే ఎవరూ ఊరుకోరు.

మంగళవారం, రైల్లో

వియంటియాన్ శివార్లలోని ఖామ్‌సవాత్ స్టేషన్ నుంచి బ్యాంకాక్‌కు నేరుగా రాత్రి రైలు 2024 జులైలో మొదలైంది. విమానమైతే గంటకు కొంచెం పైగా పడుతుంది. కానీ రైల్లో రాత్రంతా పడుకుని తెల్లారేసరికి దిగడం మన ఊళ్ల ప్రయాణంలా ఉంటుందని నేనే పట్టుబట్టాను.

బయలుదేరిన కాసేపటికే మైత్రీ వంతెన. 1994లో ఆస్ట్రేలియా ధనసాయంతో కట్టారు. రైలుపట్టా రోడ్డు మధ్యలోనే ఉంటుంది కాబట్టి రైలు వెళ్లేంతసేపూ రెండువైపులా వాహనాలను ఆపేస్తారు. కింద మెకాంగ్ ఎర్రమట్టి రంగులో నిండుగా పోతోంది. అవతలి ఒడ్డున నాంగ్ ఖాయ్. సామానుతో సహా అందరం దిగి పాస్‌పోర్టు వరుసలో నిలబడాలి. 2025 మే నుంచి థాయ్‌లాండ్ వెళ్లే విదేశీయులు రాక పత్రాన్ని ముందుగా ఆన్‌లైన్‌లో నింపాలి, మూడు రోజులకన్నా ముందు నింపడానికి కుదరదు. మేము నిన్ననే ఆ పని ముగించాం. కౌంటరులోని అధికారి ఆసుపత్రి ఉత్తరం చదివి, నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసి, "ఇద్దరిలో రోగి ఎవరు?" అని అడిగాడు. నేను చెయ్యెత్తాను. ముద్ర వేస్తూ నావైపు జాలిగా చూశాడు.

ఎదుటి బెర్తులో ఒక లావో పెద్దావిడ, వెంట కూతురు. మోకాలి ఆపరేషన్‌కు వెళ్తున్నారు. మా సంచిలో ఆసుపత్రి ఫైలు కనబడగానే ఆవిడ ముఖం ఆప్యాయంగా మారింది. ఎక్కడ నొప్పి అని అడిగారు. నాకు వచ్చిన నాలుగు లావో ముక్కల్లో "బొ మీ", ఏమీ లేదు అన్నాను. ఆవిడ నమ్మలేదు. బయటికి చెప్పుకోలేని జబ్బేదో అయి ఉంటుందనుకున్నారు కాబోలు, నా చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని నిమిరారు. నువ్వులు అద్దిన అరటిపండు బజ్జీ ఇవ్వబోతే వద్దన్నాను. దాంతో జబ్బు సంగతి ఖాయమైపోయింది.

పక్కలు పరిచే మనిషి వచ్చి రెండు నిమిషాల్లో సీటును మంచం చేసి, తెల్లదుప్పటి బిగించి, పచ్చతెర దించి వెళ్లిపోయాడు.

బుధవారం, బ్యాంకాక్

తెల్లవారి క్రుంగ్ థెప్ అఫివత్ స్టేషన్‌లో దిగాం. విమానాశ్రయమంత పెద్దది. అక్కడినుంచి సుఖుంవిత్ వైపు హోటలుకు, స్నానం చేసి ఆసుపత్రికి.

అంతర్జాతీయ రోగుల విభాగం విడిగా ఒక అంతస్తు. అరబ్బీ, బర్మీస్, జపనీస్, చైనీస్ దుబాసీలకు వేరువేరు బల్లలు. నా పాస్‌పోర్టు చూసి ఒక అమ్మాయి పరుగున వెళ్లి హిందీ వచ్చిన మనిషిని పిలుచుకొచ్చింది. నాకు ఇంగ్లీషు చాలమ్మా అన్నా ఆ అబ్బాయి పట్టువదలకుండా ప్రతి ప్రశ్ననూ హిందీలో అడిగాడు. నా హిందీ కన్నా అతని ఇంగ్లీషే నయం. ఫోటో తీసి, ముంజేతికి పట్టీ కట్టి, ఒక నంబరు ఇచ్చారు. ఇకపై ఈ భవనంలో నన్ను గుర్తుపట్టేది ఆ నంబరుతోనే. ముఖ్యమైన బాధ ఏమిటో రాయమన్న గడి దగ్గర నర్సు ఆగిపోయింది. లేదు అన్నాను. మళ్లీ అడిగింది. మళ్లీ లేదన్నాను. కాసేపు ఆలోచించి థాయిలో ఏదో కొట్టింది.

గ్యాస్ట్రోఎంటరాలజిస్టు నెమ్మదస్థురాలు. కాగితం మీద పెద్దపేగు బొమ్మ గీసి, పురీషనాళం నుంచి పైకి, అడ్డంగా, కిందికి వేలు పోనిచ్చి, అపెండిక్స్ రంధ్రం దగ్గర చుక్క పెట్టారు. అక్కడిదాకా వెళ్లి ఆ రంధ్రాన్ని ఫోటో తీస్తేనే పేగు మొత్తం చూసినట్టు లెక్క. అసలు వెతుకులాట తిరిగి వచ్చేటప్పుడు జరుగుతుంది. గొట్టాన్ని వెనక్కి లాగుతూ ముడతముడతనూ విప్పి చూడాలి, దానికి కనీసం ఆరు నిమిషాలైనా పట్టాలి, హడావిడిగా లాగేస్తే పిలకలు తప్పిపోతాయి అన్నారు. పేగుకు రంధ్రం పడే ప్రమాదం అరుదే అయినా ఉందని, సంతకానికి ముందు తెలుసుకోవాలని చెప్పారు. ఈ దేశంలోనూ ప్రభుత్వ పథకంలో 50 దాటినవాళ్లకు ముందు మలంలో రక్తపు జాడ వెతికే చవక పరీక్ష చేస్తారు, అందులో తేడా కనిపిస్తేనే కొలనోస్కోపీ. మీకు అదీ చాలు, ఇదీ మంచిదే అన్నారు. ఇంత దూరం వచ్చాక చవక పరీక్షకు మళ్లే ఉద్దేశం నాకు లేదు.

చివరగా ఆవిడ వేసిన ప్రశ్న నన్ను కాస్త కదిపింది. "పిలక తీశామనుకోండి, రెండు వారాలలోపు ఎప్పుడైనా ఆ చోట రక్తం పోవచ్చు. అర్ధరాత్రి పోతే మీ ఊళ్లో ఎక్కడికి వెళ్తారు?" మా ఊరి నుంచి చేరువలో ఉన్న పెద్ద థాయ్ ఆసుపత్రులు ఉడాన్ థానిలో. మధ్యలో ఉన్న వంతెనను రాత్రి 10 గంటలకు మూసేస్తారు. విదేశంలో వైద్యమంటే ఖర్చు, వసతి, విమానం టికెట్టు లెక్కలే అందరూ వేస్తారు. ఇంటికి చేరాక వచ్చే తంటా ఏ దేశంలో వస్తుందన్నది ఎవరూ అడగరు. ఆదివారం దాకా బ్యాంకాక్‌లోనే ఉంటామని అక్కడికక్కడే తేల్చుకున్నాం.

డబ్బు సంగతి. ప్యాకేజీ ధరలో చూడటం మాత్రమే ఉంటుంది. పిలక కనబడి తీస్తే దానికి వేరే, ల్యాబుకు పంపితే సీసాకు ఇంత చొప్పున వేరే. ఈ ముక్క పెద్దక్షరాల కరపత్రంలో లేదు. ఆయన అడిగి అడిగి, ఒక పిలకైతే ఎంత, మూడైతే ఎంత అని కాగితం మీద రాయించుకున్నారు.

గురువారం

ఈ రోజు అన్నం లేదు. తేట ద్రవాలు మాత్రమే. ఎరుపు, ఊదా రంగులవి తాగకూడదు, పేగులో మిగిలితే రక్తంలా కనబడతాయి. పొద్దున్నే ఇద్దరం కింద ఉన్న దుకాణానికి వెళ్లి శీతల పానీయాల అద్దాల బీరువా ముందు నిలబడ్డాం. థాయ్‌వాళ్లు ఇష్టంగా తాగే క్రచియప్ అనే ఎర్ర పానీయం సీసాల వరుస నోరూరించింది. అది మన గోంగూర జాతి మొక్క కాయల పైపొరను ఉడికించి తీసిన రసమే. ఎరుపు కాబట్టి నిషిద్ధం. పక్కన శంఖుపువ్వుల నీలం పానీయం, నిమ్మరసం పిండితే ఊదాకు మారేది. అదీ నిషిద్ధమే. చివరికి యాపిల్ రసం, చేమంతి తేనీరు, కొబ్బరినీళ్లు పట్టుకొచ్చాం. ఆసుపత్రి పట్టికలో కోడి ఎముకల సూపు తేట రాశారు. మాకు అది కుదరదు. ఆ దుకాణపు అమ్మాయి సాయంతో పసుపు మీద ఎర్ర అక్షరాలతో 'జే' అని ఉన్న శాకాహారపు బండి వెతికి కూరగాయల తేట సూపు సంపాదించారాయన. జే వంటలో ఉల్లి, వెల్లుల్లి కూడా పడవు. రుచి సంగతి అడక్కండి, వేడిగా ఉంది, అదే చాలు.

సాయంత్రం ఆరింటికి మందు. పొడిని నీళ్లలో కలిపితే రెండు లీటర్లు, సగం ఇప్పుడు, సగం తెల్లవారుజామున. పేరు పాలిఇథిలీన్ గ్లైకాల్. అది ఒంట్లోకి ఇంకదు. తనతో ఉన్న నీళ్లను పట్టి ఉంచి పేగు గుండా వరదలా కిందికి పోతుంది. ఒంట్లో ఉప్పు తగ్గిపోకుండా అందులోనే లవణాలు కలిపి ఉంటాయి. ఒకేసారి రాత్రి తాగేయకుండా రెండు విడతలు చేస్తే పేగు బాగా శుభ్రపడుతుంది, అందుకే తెల్లవారుజాము శిక్ష.

మొదటి గ్లాసు నిమ్మకాయ వాసనతో మోసం చేసింది. రెండోది ఉప్పు షర్బత్తులో కుంకుడురసం కలిపి ఇచ్చినట్టుంది. మూడో గ్లాసుకు ముక్కు మూసుకున్నాను. నాలుగోదానికి ఆయన ఐసు ముక్కలు వేసి, స్ట్రా పెట్టి, చిన్నపిల్లకు ఆముదం పట్టినంత ఓర్పుతో ఎదురుగా కూర్చున్నారు. "ఇంకొక్క గుక్క" అంటారు. ఆ ఒక్క గుక్క ఎన్నిసార్లు వచ్చిందో. పావుగంటకు పావులీటరు చొప్పున గడియారం చూసి తాగాలి.

గంట లోపే పని మొదలైంది. ఆ తర్వాత రాత్రంతా నా ప్రపంచం ఆ స్నానాలగది. థాయ్‌లాండ్‌లో దాదాపు ప్రతి మరుగుదొడ్డి పక్కనా నీళ్ల పైపు ఉంటుంది, కాగితంతో తుడుచుకునే దేశంలో ఈ రాత్రి గడపాల్సి వస్తే ఏమై ఉండేదాన్నో. కొబ్బరినూనె సీసా ఒకటి దగ్గర పెట్టుకోవాలని ముందే ఎవరైనా చెబుతారు, చెప్పకపోతే నేను చెబుతున్నాను, పెట్టుకోండి. నర్సు ఇచ్చిన కాగితం మీద గ్లాసుల బొమ్మలు, ముదురు గోధుమ నుంచి లేత పసుపుదాకా. చివరి గ్లాసు రంగు వచ్చేవరకూ పేగు సిద్ధం కానట్టే. అంతా చేసి పేగులో మడ్డి మిగిల్చుకుంటే ఎంత గొప్ప డాక్టరైనా, ఎంత ఖరీదైన కెమెరా అయినా ఏమీ చూడలేవు. ఈ పరీక్షలో సగం పని రోగిదే, అదీ ఈ గదిలోనే, ఒంటరిగా.

తెల్లవారుజామున మూడింటికి అలారం. రెండో లీటరు. అయిదు దాటేసరికి రంగు ఆ కాగితంలోని చివరి గ్లాసు బొమ్మకు సరిపోయింది. ఆయన్ను నిద్రలేపి ఆ శుభవార్త చెప్పాను. "సంతోషం" అని అటు తిరిగి పడుకున్నారు.

శుక్రవారం

వెనకవైపు చీలిక ఉన్న లాగు, వెనకవైపు కట్టే గౌను. రెండూ ఎటు ముందో తెలియక నర్సును పిలిచాను. సెలైన్ సూది ఎక్కించి, నా పేరు, పుట్టినతేదీ, వచ్చిన పని నాచేతే మూడుసార్లు చెప్పించారు. గుడ్డు తింటే పడదా అని మత్తు డాక్టరు అడిగారు. అసలు తినను, ఎందుకు అన్నాను. ప్రొపొఫాల్ అనే ఈ మందు పాలలా తెల్లగా ఉండటానికి కారణం సోయానూనె, గుడ్డుసొన నుంచి తీసిన లెసిథిన్ అట. పుట్టి బుద్ధెరిగాక గుడ్డు ముట్టని మనిషిని, నిన్న కోడి సూపు వద్దని బ్యాంకాకంతా తిరిగిన మనిషిని. ఎక్కించండి అన్నాను.

ఎడమవైపు ఒత్తిగిలి, మోకాళ్లు కడుపు దగ్గరకు. ముక్కు దగ్గర ఆక్సిజన్. చేతి నరంలో ఒక్క క్షణం మంట. ఎదురుగా గోడమీది తెర నల్లగా ఉంది. దాని అంచు మీద ఎవరో అంటించిన ఏనుగు బొమ్మ స్టిక్కరు, ఒక చెవి చిరిగి ఉంది. ఆ చెవి గురించి ఏదో అనబోయాను.

"గాలి వదలండి, పర్వాలేదు, వదలాలి" అంటోంది నర్సు. అది వేరే గది. పేగును ఉబ్బించడానికి బొగ్గుపులుసు వాయువు ఎక్కిస్తారు, మామూలు గాలికన్నా త్వరగా ఒంట్లో ఇంకిపోతుంది. మిగిలినదాన్ని పంపించడం నా బాధ్యత. తెరకు ఇటు నేను, అటు ఎవరో అరబ్బు పెద్దమనిషి, ఇద్దరం మా మా బాధ్యతలు నిర్వర్తించాం.

డాక్టరు ఫోటోలు తెచ్చారు. నా పేగు గులాబీరంగులో, తడిగా మెరుస్తూ, ముడతలు ముడతలుగా ఉంది. అపెండిక్స్ రంధ్రం చిన్న నెలవంకలా కనబడింది. శుభ్రత మార్కులు తొమ్మిదికి ఎనిమిది. ఎక్కడ ఒకటి పోయిందని అడిగాను, బడిపంతులమ్మ బుద్ధి. ఎడమవైపు పేగులో నాలుగు మిల్లీమీటర్ల పిలక ఒకటి. సన్నని తీగ ఉచ్చు వేసి, కరెంటు పెట్టకుండానే కోసేశారు. చూస్తే చిన్న మొటిమ. సీసాలో ల్యాబుకు వెళ్లింది.

ఆహారంగా జావ తెచ్చారు, అందులో పంది మాంసం ఉండలు. వెనక్కి పంపితే ఉత్త అన్నం గంజి, ఉప్పు వచ్చాయి. రెండు రోజుల తర్వాత అన్నం. ఏమీ మిగల్చలేదు.

ఇంటికి పంపేముందు నర్సు నియమాలు చదివింది. 24 గంటలు బండి నడపకూడదు, ఒంటరిగా ఉండకూడదు, ముఖ్యమైన పత్రాల మీద సంతకాలు చేయకూడదు. సరేనని తలూపి చక్రాల కుర్చీలో క్యాషియరు దగ్గరికి వెళ్లగానే ఆవిడ నా ముందు నాలుగు కాగితాలు పెట్టి పెన్ను చేతికిచ్చింది. వాటిలో రెండు డబ్బుకు సంబంధించినవి. ఆయన కార్డు తీసి, రాయించుకున్న అంచనా పక్కన పెట్టి, వరుసవరుసా పోల్చారు. ఒక పిలకకు రెండు సీసాల రుసుము వేశారు. పావుగంట వాదించాక ఒకటి కొట్టేశారు. సంతకం ఆయనే పెట్టారు.

శనివారం

నిద్ర. పెరుగన్నం. మళ్లీ నిద్ర. రక్తపు జాడ లేదు.

ఆదివారం

సీలోంలోని మహా మారియమ్మన్ గుడికి వెళ్లాం. తమిళులు కట్టుకున్న గుడి, ఇప్పుడు వరుసలో మనకన్నా థాయ్‌వాళ్లే ఎక్కువ, చేతుల్లో బంతిపూల దండలతో. దగ్గర్లోనే దోసె దొరికింది. చట్నీలో ఆవాలు కనబడగానే ఆయన నావైపు చూశారు. తినవచ్చని డాక్టరు చెప్పారని గుర్తుచేశాను. ఆసుపత్రి నుంచి ఇంగ్లీషు రిపోర్టు, ఫోటోలు, 24 గంటలూ పలికే నంబరు తీసుకుని రాత్రి రైలెక్కాం.

తర్వాతి గురువారం, వియంటియాన్

ల్యాబు ఫలితం మెయిల్లో వచ్చింది. ట్యూబ్యులర్ అడినోమా, తక్కువ స్థాయి మార్పులు. క్యాన్సర్ కాదు, వదిలేస్తే ఏళ్లు గడిచాక కావచ్చు, కాకపోనూ వచ్చు. మళ్లీ 7 నుంచి 10 ఏళ్ల తర్వాత చూపించుకోమన్నారు, అప్పటికి ఏ దేశంలో ఉంటే అక్కడ.

అక్కకు ఫోన్ చేశాను. "చూశావా, ఉందిగా!" అంది, తనే పంపినట్టు. వచ్చే నెల తనూ చేయించుకుంటుందట, హైదరాబాద్‌లోనే.

ఇప్పుడు బీమా కంపెనీతో తంటా. ముందు జాగ్రత్త పరీక్షకు డబ్బివ్వరు, పిలక తీయడం చికిత్స కాబట్టి ఆ భాగానికి అడగవచ్చన్నారు. ఆన్‌లైన్ ఫారంలో "లక్షణాలు మొదటిసారి కనిపించిన తేదీ" అని ఒక గడి ఉంది. ఖాళీగా వదిలితే తర్వాతి పేజీ తెరుచుకోదు. లేవు అని రాస్తే అంకెలు కావాలంటుంది. ఫోన్ చేస్తే అటువైపు అమ్మాయి "మరి లక్షణాలు లేకుండా ఎందుకు వెళ్లారు మేడమ్?" అని అడిగింది. చివరికి పరీక్ష జరిగిన తేదీనే వేసి పంపాను. డబ్బు ఇంకా రాలేదు.